బ్రైటన్‌ను ఊరుగా నిలబెట్టింది ఎవరు: వైద్యుడా, యువరాజా, రైలా?

ప్రశ్న: పరదేశి

నమస్కారం. నేను లండన్‌కు దక్షిణాన ఒక శివారులో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఈ వేసవిలో మా అత్తగారు, మామగారు మా ఇంటికి వచ్చారు. మామగారిది చీరాల దగ్గర వాడరేవు. సముద్రం ఒడ్డున పెరిగిన మనిషి కనుక, ఇంగ్లండులో పేరుమోసిన తీరం ఒకటి చూపిస్తే సంతోషిస్తారని పోయిన శనివారం వారిని బ్రైటన్ తీసుకువెళ్లాను. స్టేషను నుంచి వాలు దిగి ఒడ్డుకు చేరగానే ఆయన అలవాటుగా చెప్పులు చేత పట్టుకుని నాలుగడుగులు వేశారు, వెంటనే మళ్లీ తొడుక్కున్నారు. అక్కడ పైన ఎక్కడా ఇసుక లేదు. కనుచూపు మేర నిమ్మకాయంత, కోడిగుడ్డంత గులకరాళ్లే. అల వెనక్కి మళ్లినప్పుడల్లా బస్తాలోంచి శనగలు కుమ్మరించినట్టు చప్పుడవుతోంది.

"ఇసుక లేదు, ఏరు వచ్చి కలవదు, పడవ నిలవడానికి రేవు లేదు. ఇక్కడ ఇంత ఊరు ఎందుకు కట్టారండీ అల్లుడుగారూ?" అని అడిగారు. నాకు తెలిసింది ఒక్కటే: నాలుగో జార్జి యువరాజుగా ఉన్నప్పుడు ఇక్కడ విలాస భవనం కట్టుకున్నాడు, ఆయన వెంట గొప్పవాళ్లంతా వచ్చారు అన్న మాట. అదే చెప్పాను. ఆ భవనం, అంటే రాయల్ పెవిలియన్, చూశాక ఆయనకు ఇంకో అనుమానం వచ్చింది. ఉల్లిగడ్డల్లాంటి గుమ్మటాలు, సన్నటి మినార్లు, జాలీల కిటికీలు చూసి "ఇది ఏ నవాబుగారిది?" అన్నారు. మూడో అనుమానం తిరుగు రైలులో: "ఇది మొదట చేపలు పట్టేవాళ్ల ఊరని బోర్డులో రాశారు కదా, మరి వాళ్లంతా ఏమయ్యారు?"

చరిత్ర తెలిసినవారు ఈ మూడింటికీ కాస్త వివరంగా సమాధానం చెప్పగలరా? యువరాజు కథతో ఆయనకు తృప్తి కలగలేదు. నిజం చెప్పాలంటే నాకూ కలగలేదు.

సమాధానం: పాతకాగితం

మీ మామగారి మొదటి ప్రశ్నలోనే సమాధానం సగం ఉంది. రేవు లేకపోవడం వల్లనే, చేపల వేట దెబ్బతినడం వల్లనే ఆ ఊరు తన సముద్రాన్ని వేరే విధంగా అమ్ముకోవలసి వచ్చింది. యువరాజు వచ్చేనాటికి ఆ అమ్మకం మొదలై ముప్పై ఏళ్లు దాటింది.

ఊరి పాత పేరు బ్రైటెల్మ్‌స్టన్. 1086లో ఇంగ్లండు రాజు వేయించిన భూముల చిట్టాలో ఇక్కడి ఒక ఎస్టేటుకు కట్టవలసిన శిస్తు 4,000 హెర్రింగ్ చేపలు అని ఉంది. అంటే కౌలు సైతం చేపల్లోనే చెల్లించిన ఊరన్నమాట. 1514లో ఫ్రెంచివారు ఒడ్డున దిగి ఊరిని తగలబెట్టారు. తరువాత మళ్లీ కట్టుకుని బాగానే నిలదొక్కుకున్నారు కాని, 1703లోను 1705లోను వచ్చిన పెనుగాలులు కొండ అంచు కింద ఉన్న ఇళ్ల వరుసను తుడిచిపెట్టాయి. రేవు లేదు కనుక పడవలను గులకరాళ్ల మీదికి లాగి పెట్టేవారు. తీరం కోసుకుపోతుంటే ఆ జాగా కూడా తరిగిపోయింది. 1720ల్లో ఈ దారిన వెళ్లిన డానియెల్ డిఫో రాసిన మాట చూడండి: కొద్ది ఏళ్లలో నూరుకు పైగా ఇళ్లను సముద్రం మింగిందట, అడ్డుకట్టలు వేయడానికి 8,000 పౌండ్లు కావాలని దేశమంతా చందాలు అడుగుతున్నారట, ఊరిని చూస్తే మొత్తం ఇళ్లన్నీ కలిపినా అంత ఖరీదు చేయవనిపించిందట. జాగా చవక, కొంపలు చవక, చేతులకు పని తక్కువ. ఈ స్థితి గుర్తు పెట్టుకోకపోతే తరువాతి కథ అర్థం కాదు.

ఇక్కడ వైద్యుడు వస్తాడు. పక్కనున్న లూయిస్ పట్టణంలో వైద్యం చేసుకునే రిచర్డ్ రస్సెల్ 1750లో లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. ఒంట్లోని గ్రంథుల వాపులకు సముద్రపు నీరు మందు అని అందులో ప్రతిపాదించాడు. స్నానం ఒక్కటే కాదు, తాగడం కూడా. పొద్దున్నే అర లీటరుకు పైగా సముద్రపు నీరు తాగమనేవాడు. దానికి తోడు పీతల కళ్లు, చెక్కపురుగులు నూరి కలిపిన మందులు కూడా ఇచ్చేవాడు. ఉప్పు నీరు ఒక్కసారిగా కడుపులోకి వెళితే ఏమవుతుందో మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆనాటి వైద్యంలో అదే గుణంగా లెక్క, లోపలి చెడు బయటికి పోతోందని అర్థం. రస్సెల్ 1753లో బ్రైటన్‌కే మకాం మార్చి, స్టీన్ అనే పచ్చిక మైదానం అంచున సముద్రానికి ఎదురుగా పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. రోగులు ఆ ఇంటికి వచ్చారు. ఇల్లు చాలక చేపలవాళ్ల గదులు అద్దెకు తీసుకున్నారు. అద్దె ఇవ్వడమే వేట కన్నా గిట్టుబాటు అని ఊరు తెలుసుకున్నది అప్పుడే.

స్నానం అంటే మనం అనుకునే ఈత కాదు, దాన్ని చికిత్సగానే చేసేవారు. పెద్ద చక్రాల మీద గదిలాంటి చెక్క పెట్టె ఉండేది, దాన్ని స్నానపు బండి అందాం. రోగి లోపల బట్టలు మార్చుకుంటుంటే గుర్రం ఆ బండిని నీళ్లలోకి లాగేది. అవతలి వైపు మెట్ల దగ్గర నడుము లోతు నీళ్లలో దిట్టమైన ఆడవాళ్లు నిలబడి, దిగిన ఆడరోగిని రెండు రెక్కలు పట్టుకుని అల వచ్చే సమయానికి బుడుంగున ముంచి తీసేవారు. వారిలో మార్తా గన్ అనే ఆమె పేరు దేశమంతా పాకింది. 1726లో పుట్టి 1815 దాకా బతికింది. ముసలితనంలో కూడా ఈ పని మానలేదు. సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో ఆమె సమాధి ఇప్పటికీ ఉంది.

ఒక పక్కమాట. మనకు సముద్రస్నానం పర్వదినానికి కట్టుబడినది. కార్తిక పౌర్ణమికో మాఘ పౌర్ణమికో తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదనే పెద్దలు ఇంకా ఉన్నారు. అక్కడ పంచాంగం పాత్రను వైద్యుడు తీసుకున్నాడు. రోజూ మునగమన్నాడు, అదీ చలికాలమే మేలన్నాడు.

రస్సెల్ 1759లో చనిపోయాడు. 1760ల్లోనే ఊళ్లోని రెండు పెద్ద సత్రాలు నాట్యాలకు, పేకాటకు వేరుగా పెద్ద గదులు కట్టించాయి. రోగి పక్కన వచ్చిన ఆరోగ్యవంతులకు పొద్దు గడవాలి కదా. రస్సెల్ కట్టిన ఇంటినే తరువాత కంబర్లండ్ డ్యూక్ అద్దెకు తీసుకునేవాడు. ఆయన అన్న కొడుకైన యువరాజు 1783లో మొదటిసారి ఇక్కడికి వచ్చింది ఈ బాబాయిని చూడడానికే. మెడ గ్రంథుల వాపు ఉండడంతో వైద్యులు ఆయనకు కూడా సముద్రస్నానం చెప్పారు. కనుక వరుస ఇది: ముందు వైద్యుడు, తరువాత యువరాజు.

సమాధానం: ఉప్పుగాలి

పాతకాగితం గారు చెప్పిన వివరాలలో తప్పు పట్టడానికి ఏమీ లేదు కాని, వైద్యుడికి అంత పెద్ద పీట వేయడం నాకు సమ్మతం కాదు. సముద్రస్నానాన్ని కనిపెట్టినది రస్సెల్ కాదు. ఉత్తరాన స్కార్‌బరోలో 1735 నాటి చిత్రంలోనే స్నానపు బండి కనిపిస్తుంది. మార్గేట్ కూడా అదే కాలంలో ఇదే వ్యాపారంలోకి దిగింది. ఉప్పు నీరు ఇంగ్లండు చుట్టూ ఉన్నదే. మరి బ్రైటన్ మాత్రమే ఇంతగా ఎందుకు పెరిగింది? లండన్‌కు 80 కిలోమీటర్ల దూరంలో ఉండడం వల్ల. అంతే దూరంలో ఉన్న ఊళ్లలో కూడా ముందుగా మంచి బాట, ఆ తరువాత మంచి రైలు దొరికినది దీనికే.

నేను వృత్తిరీత్యా రైలు మార్గాల పనిలో ఉన్నవాణ్ణి కనుక నా మొగ్గు అటే ఉంటుంది, ఒప్పుకుంటాను. 1841 సెప్టెంబర్ 21న లండన్–బ్రైటన్ మార్గం పూర్తిగా తెరిచారు. పరదేశి గారూ, మీరు మొన్న వచ్చిన రైలు ఆ దారినే వచ్చింది. మధ్యలో ఊజ్ లోయ మీద 37 కమానుల ఇటుక వంతెన దాటి ఉంటారు. రైలులో కూర్చున్నవారికి అది తెలియదు, కింది నుంచి చూడాలి. వంతెన స్తంభాలను నిలువునా తొలిచి కమాను ఆకారంలో ఖాళీ వదిలారు. ఒక చివర నిలబడి లోపలికి చూస్తే, కమానులో కమాను, దానిలో మరో కమాను, చివరన గోరంత పచ్చిక. ఆ తరువాత క్లేటన్ సొరంగం, సుద్దకొండ కింద రెండు కిలోమీటర్ల పైచిలుకు.

రైలు వచ్చాక ఊరికి వచ్చే మనుషులే మారిపోయారు. గుర్రపు బండిలో సగం రోజు ప్రయాణం చేయగలిగినవాడు డబ్బు, తీరిక రెండూ ఉన్నవాడు. రైలులో సుమారు రెండు గంటల్లో దిగేవాడు వారానికి ఒక్క ఆదివారం సెలవున్న గుమాస్తా, దర్జీ, బట్టల కొట్టులో పనిచేసే అమ్మాయి. వీరికోసం చవక టికెట్ల విహార రైళ్లు నడిపారు. వాటి రద్దీ ఎంత ఉండేదో చెప్పడానికి ఒక విషాదమే సాక్ష్యం. 1861 ఆగస్టు 25, ఆదివారం పొద్దున, కొద్ది నిమిషాల తేడాతో బ్రైటన్ వైపు నుంచి వరుసగా మూడు రైళ్లు బయలుదేరాయి. సొరంగం ముఖద్వారం దగ్గర సంకేతాల పనివాడికీ, అవతలి చివరనున్నవాడికీ మధ్య తంతి సమాచారంలో పొరపాటు జరిగింది; లోపల వెనక్కి వస్తున్న రైలును వెనుకటి రైలు గుద్దుకుంది. 23 మంది చనిపోయారు, 176 మంది గాయపడ్డారు. ఆ సంకేతాల పనివాడు వారంలో ఒక రోజు పూర్తి సెలవు దొరకడం కోసం వరుసగా 24 గంటల పనిలో ఉన్నాడు. ఒకరి సెలవు రోజు కోసం మరొకరు నిద్ర లేకుండా పనిచేసే ఏర్పాటు ఆనాటిదే.

1871లో బ్యాంకు సెలవుల చట్టం వచ్చాక ఆ రద్దీ ఇంకా పెరిగింది. జనం పెరిగాక ఒడ్డున వారికి కాలక్షేపం కావాలి. అందుకే పియర్లు, అంటే స్తంభాల మీద సముద్రంలోకి కట్టిన పొడవాటి చెక్క బాటలు. మొదటిది 1823 నాటి చెయిన్ పియర్; అది వినోదానికి కట్టినది కాదు, ఫ్రాన్సులోని డియెప్ వెళ్లే ఓడలెక్కడానికి గొలుసులతో వేలాడదీసిన వంతెన. కాని రెండు పెన్నీలు చెల్లించి ఊరికే నడవడానికి వచ్చే జనమే ఎక్కువయ్యారు. 1866లో యుజీనియస్ బర్చ్ కట్టిన వెస్ట్ పియర్ పూర్తిగా వినోదానికే. 1899లో ప్యాలెస్ పియర్ తెరిచారు, మీరు చూసిన దీపాల తోరణాలు దానివే. వెస్ట్ పియర్ 1975లో మూతపడింది, 2003లో రెండుసార్లు కాలిపోయింది. నీళ్ల మధ్య తుప్పు పట్టిన ఇనుప పంజరం కనిపించి ఉంటుంది, అదే.

ఇక మాగ్నస్ వోల్క్ సంగతి చెప్పకుండా వదలలేను. 1883లో ఒడ్డు వెంబడి ఈయన వేసిన చిన్న విద్యుత్ రైలు నేటికీ వేసవిలో నడుస్తోంది. ప్రపంచంలో ఇంకా నడుస్తున్న విద్యుత్ రైళ్లలో ఇదే పాతది. దానితో ఊరుకోక, 1896లో సముద్రంలోనే పట్టాలు వేసి, ఏడు మీటర్ల ఎత్తు కాళ్ల మీద ఓడ లాంటి బండిని నిలబెట్టి రాటింగ్‌డీన్ దాకా నడిపాడు. పోటు వచ్చినప్పుడు నీళ్ల మీద ఒక వసారా నడిచి వెళుతున్నట్టు ఉండేది. తెరిచిన వారానికే డిసెంబర్ 4 రాత్రి తుపాను దాన్ని పడగొట్టింది. పాత చెయిన్ పియర్‌ను పూర్తిగా తుడిచిపెట్టినది కూడా ఆ రాత్రి గాలే. బండిని బాగుచేసి మళ్లీ నడిపారు కాని, 1901తో ఆ ముచ్చట తీరిపోయింది.

సమాధానం: పాతకాగితం

ఉప్పుగాలి గారూ, రైలు ఊరిని మార్చింది అంటే ఒప్పుకుంటాను, నిలబెట్టింది అంటే మాత్రం జనాభా లెక్కలు ఒప్పుకోవు. 1801లో ఊరి జనం సుమారు 7 వేలు. 1831లో 40 వేలు దాటారు. అంటే పట్టా ఒక్కటి కూడా పడకముందే ముప్పై ఏళ్లలో అయిదు రెట్లకు పైగా. ఆ ఎదుగుదల 1830ల్లో మందగించి, రైలు వచ్చాక మళ్లీ పుంజుకుంది; 1851 నాటికి జనం 65 వేలకు చేరారు. రైలు చేసిన మేలు తక్కువది కాదు, అయితే అది అప్పటికే పెద్దదైన పట్టణానికి వచ్చింది.

ఇక్కడే నేను నా మొదటి సమాధానాన్ని కూడా కొంచెం సవరించుకోవాలి. ఆ ముప్పై ఏళ్లు యువరాజువే. ఆయన 1786లో స్టీన్ పక్కన ఒక రైతు ఇల్లు అద్దెకు తీసుకున్నాడు, 1787లో వాస్తుశిల్పి హెన్రీ హాలండ్ దాన్ని పెంచి తెల్లటి విలాస గృహంగా మార్చాడు. తలకు మించిన బాకీలతో, రహస్యంగా పెళ్లాడిన మారియా ఫిట్జ్‌హర్బర్ట్‌తో, తండ్రి కంటికి దూరంగా ఉండడానికి ఈ ఊరు ఆయనకు అనువుగా దొరికింది. ఆయన చుట్టూ చేరిన వారికోసం వరుసలు వరుసలుగా మేడలు లేచాయి. ఆ మేడలన్నీ లాభసాటి కాలేదు: 1823లో ఊరి తూర్పున గొప్ప పేట మొదలుపెట్టిన థామస్ రీడ్ కెంప్ 1837లో అప్పులవాళ్లకు భయపడి దేశం విడిచిపోయాడు. పేట మాత్రం ఆయన పేరుతోనే కెంప్ టౌన్‌గా మిగిలింది.

మీ మామగారు పెవిలియన్ దగ్గర మరో సంగతి గమనించారో లేదో: అంత ఖర్చు పెట్టి సముద్రతీరంలో కట్టిన ఆ భవనం ముఖం సముద్రం వైపు లేదు, తూర్పున స్టీన్ మైదానం వైపు ఉంది. యువరాజు చూడదలచినది అలల్ని కాదు, అక్కడ షికారు చేసే జనాన్ని.

ప్రశ్న కొనసాగింపు: పరదేశి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇది చదివి వినిపిస్తే మామగారు పీతల కళ్ల దగ్గర ఆపించి రెండుసార్లు విన్నారు. రెండో ప్రశ్న ఇంకా మిగిలే ఉంది: ఆ గుమ్మటాలు. అలాగే పెవిలియన్ తోట దక్షిణ ద్వారం మీద భారతదేశం పేరు చెక్కి ఉంది. ప్రపంచ యుద్ధ కాలంలో అది మన సైనికులకు ఆసుపత్రి అని లోపల ఫోటోలు చూశాం. దాని గురించి కూడా చెప్పగలరా?

సమాధానం: గవ్వలు

ఆ గుమ్మటాలు కట్టిన జాన్ నాష్ భారతదేశాన్ని కంటితో చూసినవాడు కాదు. థామస్ డానియెల్, విలియమ్ డానియెల్ అనే పినతండ్రీ కొడుకులు మన దేశమంతా తిరిగి గీసిన కోటలు, మసీదులు, గుళ్ల చిత్రాలు అప్పుడు లండన్‌లో అచ్చయి ఉన్నాయి. వాటిని ముందు పెట్టుకుని 1815 నుంచి 1822 దాకా హాలండ్ కట్టిన ఇంటి పైనే ఇనుప చట్రం బిగించి గుమ్మటాలు లేపాడు. అంటే లోపల పాత ఇల్లు అలాగే ఉంది, పైన హిందూస్థానీ తొడుగు వేశారు. లోపలి అలంకరణ మళ్లీ చైనా పద్ధతి. వంటశాలలో పైకప్పు మోసే ఇనుప స్తంభాలను చూశారా? వాటి తలల మీద రాగి రేకుతో ఈత ఆకులు కత్తిరించి అతికించారు. మన కళ్లకు ఇదంతా కలగాపులగంగా కనిపిస్తుంది. దీనికన్నా ముందే, 1803–08 మధ్య విలియమ్ పోర్డెన్ కట్టిన గుర్రపుశాలకు పెద్ద గుమ్మటం వచ్చింది. యువరాజు కన్నా గుర్రాలే ముందు నవాబు వైభవం అనుభవించాయి.

విక్టోరియా రాణికి ఈ ఊరు పడలేదు. పిల్లలు పెరిగారు, గదులు చాలవు, రైలు దిగిన జనం వీధిలో ఆమె టోపీ కిందికి తొంగి చూసేవారు. 1845 తరువాత ఆమె మళ్లీ ఇక్కడ బస చేయలేదు. 1850లో ఊరే 53,000 పౌండ్లకు పెవిలియన్‌ను కొనుక్కుంది. ఊరు కొనకపోయి ఉంటే అది కూల్చివేతకు సిద్ధంగా ఉన్న కట్టడమే.

ఆసుపత్రి సంగతికి ముందు ఒక భారతీయుడి గురించి చెప్పాలి, ఎందుకంటే పాతకాగితం గారి వైద్యపు కథలో ఆయనకు చోటుంది. షేక్ దీన్ మహమ్మద్ 1759లో పాట్నాలో పుట్టాడు, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి, 1784లో ఐర్లండు చేరాడు. 1794లో ఆంగ్లంలో తన యాత్రల పుస్తకం అచ్చువేయించాడు. ఆ భాషలో ఒక భారతీయుడు ప్రచురించిన తొలి పుస్తకం అదే. 1810లో లండన్‌లో హిందుస్థానీ భోజన కాఫీశాల పెట్టి, రెండేళ్లకే దివాళా తీశాడు. 1814లో బ్రైటన్ వచ్చి స్నానశాల నడిపాడు. అందులో చికిత్స ఎలా ఉండేదంటే, మూలికల ఆవిరి పట్టిన మనిషిని ఉన్ని గుడ్డతో కట్టిన గుడారంలో కూర్చోబెట్టేవారు. ఆ గుడ్డకున్న చీలికల లోంచి మాలిష్ చేసేవాడి చేతులు మాత్రం లోపలికి వచ్చి ఒళ్లు పిసికేవి. ఈ పనికి ఆయన వాడిన మాట హిందీ "చాంపో", అంటే నొక్కు, పిసుకు అని. అదే షాంపూ అయింది. మనం తలంటుకు కుంకుడుకాయ మానేసి కొట్లో కొనే సీసా మీది పేరు ఇలా పాట్నా నుంచి బ్రైటన్ ప్రయాణించి వచ్చింది. నయమై వెళ్లినవారు వదిలేసిన చంకకర్రలను ఆయన తన స్నానశాలలో వేలాడదీశాడు. ప్రకటనకు అంతకన్నా ఏం కావాలి? నాలుగో జార్జి, ఆయన తరువాత నాలుగో విలియమ్ ఇద్దరూ తమకు షాంపూ వైద్యుడిగా ఆయనను నియమించుకున్నారు. 1851లో చనిపోయాడు. మార్తా గన్ ఉన్న సెయింట్ నికొలస్ ఆవరణలోనే ఆయన సమాధి కూడా ఉంది.

ఇక 1914. ఫ్రాన్సులో పోరాడుతున్న లాహోర్, మీరట్ డివిజన్ల గాయపడ్డ సైనికులను ఇంగ్లండు దక్షిణ తీరానికి తెచ్చారు. ఆ డిసెంబరు నుంచి పెవిలియన్, పక్కనున్న గుర్రపుశాల గుమ్మటం కింది హాలు వారికి ఆసుపత్రి అయ్యాయి. ఊళ్లో ఒక బడిని, పేదల ఆశ్రమాన్ని కూడా ఆసుపత్రులుగా మార్చారు. మొత్తం మీద సుమారు 12 వేల మందికి బ్రైటన్‌లో చికిత్స జరిగింది. కులం, మతం తేడాలను పాటించడానికి పెవిలియన్ తోటలో తొమ్మిది వంటశాలలు పెట్టారు. హిందువులకు, ముస్లిములకు వేరువేరు నీటి కుళాయిలు. డ్రాగన్లు చుట్టుకున్న షాండిలియర్ల కింద వరుసగా వేసిన మంచాల ఫోటోలే మీరు చూసినవి. ఈ శ్రద్ధలో నిజమైన మర్యాద ఎంత ఉందో, "చూడండి, మీవాళ్లను రాజు తన ఇంట్లో పడుకోబెట్టాడు" అని మన దేశానికి చెప్పుకునే అవసరం కూడా అంతే ఉంది. ఆసుపత్రి చరిత్రను ఉర్దూలో, గురుముఖిలో, ఆంగ్లంలో చిన్న పుస్తకంగా అచ్చువేసి పంచడం ఊరికే జరగలేదు. నిజానికి రాజు అక్కడ కాపురం మానేసి అప్పటికి డెబ్బై ఏళ్లు. పేదల ఆశ్రమంలో పెట్టిన కిచెనర్ ఆసుపత్రిలో చుట్టూ ముళ్లకంచె వేసి, రోగులు సొంతంగా ఊళ్లోకి వెళ్లకుండా కాపలా పెట్టారన్నదీ అదే చరిత్రలో భాగం. 1916 మొదట్లో భారతీయుల ఆసుపత్రులు మూసివేశారు, పదాతిదళాన్ని అప్పటికే మెసొపొటేమియాకు తరలించారు. మీరు చూసిన ద్వారం 1921లో పటియాలా మహారాజు ఆవిష్కరించినది.

చనిపోయిన ముస్లిములను వోకింగ్‌లో మసీదుకు దగ్గరగా ఖననం చేశారు. హిందువులు, సిక్కులు 53 మందిని ఊరి వెనుక ప్యాచమ్ దగ్గర గొర్రెలు మేసే గుట్ట మీద దహనం చేశారు. ఆ చోట తెల్లని పాలరాతితో ఎనిమిది స్తంభాల ఛత్రి ఉంది, దాని నమూనా గీసినవాడు బొంబాయి నుంచి వచ్చిన యువ వాస్తుశిల్పి హెన్రిక్స్. 1921 ఫిబ్రవరి 1న వేల్స్ యువరాజు దాన్ని ఆవిష్కరించాడు. కారు వెళ్లే దారి లేదు. పొలాల మధ్య కాలిబాట పట్టి ఎక్కాలి. మామగారి మోకాళ్లు సహకరిస్తే తీసుకువెళ్లండి.

సమాధానం: పాతకాగితం

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కనుక నేను చెబుతాను. రస్సెల్ ఇల్లు కట్టిన స్టీన్ మైదానం చేపలవాళ్లు వలలు ఆరబెట్టుకునే చోటు. షికారుకు వచ్చిన గొప్పింటి ఆడవాళ్ల పాదాలు వలల్లో చిక్కుకుంటున్నాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. కొంత కొంత చొప్పున పచ్చిక చదును చేశారు, తరువాత కంచె వేశారు. చేపలవాళ్లు తమ హక్కు అని గొడవపడ్డారు కాని నెగ్గలేదు. వలలతో సహా ఒడ్డున గులకరాళ్ల మీదికి దిగిపోయారు. వారిలో కొందరు స్నానపు బండ్లు నడిపారు, కొందరు విహారానికి పడవలు తిప్పారు. ఒడ్డు రోడ్డు కింది కమానుల్లో ఒక చిన్న మత్స్యకార ప్రదర్శనశాల ఉంది, రుసుము లేదు. అక్కడ నేల మీద పడవే నిలబెట్టారు. విచిత్రం ఏమిటంటే, ఊరికి నిజమైన రేవు 1970ల్లో గాని రాలేదు. అదీ ప్రధానంగా విహార నౌకల కోసం, తూర్పు చివరన కాంక్రీటు గోడలతో కట్టిన మరీనా.

పరదేశి

నిన్న ఛత్రికి వెళ్లి వచ్చాం. ఎక్కడానికి మాకు ముప్పావుగంట పట్టింది, అత్తగారు మధ్యలో రెండుసార్లు కూర్చున్నారు. ఛత్రి ముందు మూడు పెద్ద రాతి పలకలు ఉన్నాయి. చితులు పేర్చిన అరుగులను కప్పి వాటిని పరిచారని అక్కడ చదివాం. మామగారు చెప్పులు విప్పి దూరంగా పెట్టి, ఆ పలకలను తొక్కకుండా చుట్టూ తిరిగి చూశారు. పక్కన 53 పేర్లున్న రాయి ముందు నిలబడి ఒక్కొక్క పేరూ చదివారు. గుట్ట మీది నుంచి దూరంగా సముద్రం సన్నని గీతలా కనిపిస్తోంది. దిగేటప్పుడు ఆయన ఒక్క ప్రశ్న అడిగారు, నాకు సమాధానం తెలియలేదు: అస్థికలు ఏం చేశారు, ఇంటికి పంపారా?

గవ్వలు

లేదండీ. మీకు గుట్ట మీది నుంచి కనిపించిన ఆ సముద్రంలోనే కలిపారు.